పేరు పెద్దగ పెట్టు

రామ్‌నగర్ చేపల మార్కెట్‌కి పోయే దారిలో మా షాపు. ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు, పెళ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, ఏవైనా చేస్తాం. షాపు నాదీ మా తమ్ముడిదీ. వాడు మెషీన్ చూసుకుంటాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుంటాను. పదహారేళ్లయింది. అయినా కొత్తగా వచ్చినవాళ్లు నన్ను దాటి లోపలికి తొంగిచూసి, "సార్ లేరా మేడమ్?" అని అడుగుతారు. అప్పుడు మావాడు ఇంకు చేతులతో బయటికొచ్చి, "డిజైన్ అంటే అక్కనే" అని చెప్పాలి. ఆ ఒక్క మాటకే వాడికి వాటా ఇవ్వొచ్చు.

రాజకీయాల గురించి నాకు తెలిసిందంతా ఫోటోషాప్‌లో నేర్చుకున్నదే. ఫ్లెక్సీలో పైన వరసగా గుండ్రటి చిన్న ఫోటోలు, పెద్ద నాయకులవి. ఎడమవైపు నిలువెత్తు బొమ్మ, ఎవరి బర్త్‌డే అయితే వాళ్లది. కింద నిమ్మకాయలంత మొహాలు, డబ్బులు పెట్టినవాళ్లవి. "మా అన్న తలకాయ వాళ్ల అన్న తలకాయ కన్నా అంగుళం తగ్గింది" అని రాత్రి పదకొండింటికి షట్టర్ కొట్టినవాళ్లున్నారు. మగవాళ్లకైతే నేను చేసే పనులు రెండే. మీసం నల్లగా చేయడం, పొట్ట లోపలికి నొక్కడం.

ఆడవాళ్ల ఫోటో వస్తే ఆ పని ఎక్కడికో పోతుంది. బొట్టు కొంచెం పెద్దది చెయ్యి. పుస్తెలు కనిపించాలి. కొంగు భుజం మీదికి లాగు. లిప్‌స్టిక్ తీసెయ్. నవ్వు తగ్గించు, పళ్లు కనపడితే మనిషి తేలిగ్గా అనిపిస్తుంది. ఇంకో ఫోటో ఉందా? ఇందులో అసలు నవ్వలేదు, పొగరు మనిషనుకుంటారు. పళ్లు కనపడకుండా నవ్వే ఫోటో కోసం ఒకసారి ఒకామె నలభై ఫోటోలు వాట్సాప్‌లో పంపింది. నలభైలో ఒక్కటీ పనికి రాలేదని ఆమె కాదు, ఆమెతో వచ్చిన నలుగురు మగవాళ్లు తేల్చారు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం టైలరింగ్ అక్క. నా ఫోన్లో ఆమె పేరు అలాగే సేవ్ అయి ఉంది. మా షాపుకి అయిదారు కిలోమీటర్ల అవతల ఒక బస్తీ. ఏ డివిజనో చెప్పను. మనుషులు తెలిసిపోకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా.

2020లో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు ఎలా వచ్చాయో గుర్తుండే ఉంటుంది. నవంబర్ 17న ప్రకటన, మర్నాటి నుంచి మూడు రోజులు నామినేషన్లు, డిసెంబర్ 1న పోలింగ్. కరోనా అని బ్యాలెట్ పేపర్లు పెట్టారు. 150 డివిజన్లలో సగం, అంటే 75, ఆడవాళ్లకు. రెండు వారాలు మా మెషీన్‌కి నిద్ర లేదు. మాకూ లేదు.

దానికి నెల ముందే, అక్టోబర్ 13న, ఆ పెద్ద వాన. కిందిళ్లన్నీ మునిగాయి. ప్రభుత్వం కుటుంబానికి 10,000 ఇస్తామంది, నవంబర్లో మీసేవల ముందు లైన్లు రోడ్డు మీదికొచ్చాయి. టైలరింగ్ అక్క ఆ లైన్లలో ఒక స్టూలు వేసుకొని కూర్చొని ఫారాలు నింపింది. అది ఎలక్షన్ కోసం చేసింది కాదు. పదిహేనేళ్లుగా అదే ఆమె పని. రేషన్ కార్డు, పెన్షన్, నీళ్ల ట్యాంకర్, పోలీస్ స్టేషన్లో మొగుడి మీద కంప్లైంట్, అన్నింటికీ ఆమెతో పాటు ఒక ప్లాస్టిక్ కవరు వెళ్లేది. అందులో బస్తీ మొత్తం జిరాక్సులు ఉండేవి. పార్టీ మీటింగ్‌కి ఆడవాళ్లను బస్సెక్కించేదీ ఆమే. డివిజన్ ఈసారి కూడా లేడీస్‌కేనని తెలిసిన రోజు సాయంత్రమే మా షాపుకొచ్చింది.

"చెల్లె, నా పేరు పెద్దగ పెట్టు. దూరంకెళ్లి కనవడాలె."

"అన్న ఫోటో తెచ్చినవా అక్కా?"

"ఆయన నిలవడ్తున్నడా? నిలవడేది నేను."

కింద ఏం రాయమంటావు అంటే కాసేపు ఆలోచించి 'ప్రశ్నించే గొంతు' అంది. పది అడుగులు, ఎనిమిది అడుగులు. ఆమె ఒక్కతే, చేతులు జోడించకుండా నిలబడిన ఫోటో. నిజం చెప్పాలంటే బాగుంది. నేను చేసిన మంచి డిజైన్లలో అదొకటి.

ఆమె మెట్లు దిగగానే నేను మా తమ్ముడితో అన్న మాట కూడా చెప్పాలి కదా. "ఉన్నదాంతో ఉండక ఈమెకెందుకురా ఇంత ఆశ?" అన్నాను.

అంతకు ముందు అదే కుర్చీలోంచి ఎన్ని ఆశలు డిజైన్ చేశానో లెక్క లేదు. 'కాబోయే కార్పొరేటర్' అని, 'కాబోయే ఎమ్మెల్యే' అని. పాతికేళ్ల పిల్లగాడు, మీసం కూడా సరిగా రానివాడు, బర్త్‌డే ఫ్లెక్సీ మీద 'కాబోయే' అని వేయించుకుంటాడు. యాభై దాటినవాడికి 'యువనేత' అని నేనే వేశాను. ఒక్కసారి కూడా వీడికెందుకింత ఆశ అనిపించలేదు. పైగా అడ్వాన్స్ ఎక్కువ తీసుకున్నాను. ఈ పదహారేళ్లలో ఒక ఆడమనిషి ఫోటో పక్కన 'కాబోయే' అనే మాట నా చేత్తో ఎప్పుడైనా కొట్టానా అని మొన్న కూర్చొని గుర్తు తెచ్చుకున్నాను. సీమంతం కార్డులో 'కాబోయే అమ్మ' అని కొట్టాను.

రెండో రోజు అక్క మళ్లీ వచ్చింది, ఈసారి భర్తతో. డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ముందు రోజు సాయంత్రం పార్టీ పెద్దమనిషి ఒకాయన ఆ డిజైన్ ఫోన్లో చూసి, "మొగుడి ఫోటో లేదేంది, ఇంట్ల ఏమన్న లొల్లా?" అని అడిగాడట. అందుకని అన్నను స్టూలు మీద కూర్చోబెట్టి అక్కడే ఫోటో తీశాం. ఆయనకి చెమటలు. "నన్నెందుకు లాగుతున్నరు చెల్లె, నాకు మైకు చూస్తెనే జ్వరమొస్తది" అన్నాడు. పేరు కింద 'భర్త' అని రాయమంటారా అని మావాడు నవ్వుతూ అడిగితే, "రాయి, గుర్తువట్టకపోతే అన్న అనుకుంటరు" అని ఆయనే అన్నాడు. మంచి మనిషి. ఆయన్ని కుడివైపు చిన్నగా పెట్టాను. చిన్నగా పెడితే మళ్లీ అది తప్పయింది. మొగుడు ఆమె భుజం కింద ఉన్నాడట. సమానం చేశాను.

అదే వారం అదే డివిజన్ నుంచి ఇంకొకాయన వచ్చాడు. నాలుగేళ్లుగా టికెట్ మీద కన్నేసి తిరుగుతున్నవాడు. డివిజన్ మళ్లీ లేడీస్‌కే ఉండడంతో భార్యను పెట్టాడు. ఆమె షాపుకి రాలేదు. ఆమె ఫోటో కూడా రాలేదు, ఆధార్ కార్డు తెచ్చి "ఇందులోకెళ్లి తీసుకో" అన్నాడు. ఆధార్ ఫోటోలో మనుషులు ఎలా ఉంటారో మీకు తెలుసు. దాన్ని పదడుగులకి పెంచడానికి రెండు గంటలు పట్టింది. పక్కన ఆయనది స్టూడియో ఫోటో, తెల్ల చొక్కా, గాలికి లేచిన జుట్టు.

టికెట్ ఆయనకే వచ్చింది. అంటే ఆమెకే. ఆ పదిహేను రోజుల్లో మా షాపులో టీ తాగుతూ కూర్చున్న ఏ ఒక్కరి నోట్లోంచీ ఆమెకు పదవి ఎందుకు అనే మాట రాలేదు. ఎందుకు వస్తుంది, ఆశ ఆమెది కాదుగా. ఇంటాయన చెబితే నిలబడిన ఇల్లాలు. టైలరింగ్ అక్క మాత్రం తనంతట తాను కావాలంది, ఇండిపెండెంట్‌గా వేసింది. ఆమె గురించి అదే బెంచీ మీద నేను విన్నవి ఇక్కడ రాయలేను. రాయగలిగింది ఒక్క క్రియాపదం. తిరగడం.

మగవాడి ఫ్లెక్సీ మీద మేం తరచుగా వేసే మాట 'నిత్యం ప్రజల్లో తిరిగే నాయకుడు'. అది పెద్ద మెప్పు. అదే పని పదిహేనేళ్లు చేసిన అక్క గురించి బెంచీ మీద ఒకాయన, "ఆమె బాగ తిరుగుతది" అన్నాడు. టీ తాగుతున్న ముగ్గురూ కప్పులు పట్టుకొని నవ్వారు. మాట అదే, పని అదే. నేను కీబోర్డు చూసుకుంటూ ఉన్నాను. కస్టమర్లు కదా.

మూడోసారి మార్చింది అక్క కాదు, నేను. అదే నన్ను ఇన్నాళ్లూ గుచ్చుతోంది. 'ప్రశ్నించే గొంతు' చూసి, "అక్కా, ఇది గట్టిగుంది. ఆడోళ్లకు ఇట్ల నడ్వది. 'మీ ఇంటి ఆడపడుచు' అని పెడ్త, ఓట్లు పడ్తయి" అన్నాను. ఆమె నా మొహం వైపు చూసి, "నువ్వు కూడ గట్లనే అంటవా" అంది. తర్వాత, "సరే, నీకే ఎరుక, పెట్టు" అంది. పెట్టాను. నిలబడ్డ ఫోటో తీసి చేతులు జోడించిన ఫోటో పెట్టాను. బొట్టు పెద్దది చేశాను. పేరు సైజు తగ్గింది, 'ఆడపడుచు' కి చోటు కావాలి కదా.

నేను చెప్పింది వ్యాపారపరంగా తప్పు కాదు, అదీ చిక్కు. మన దగ్గర ఆడమనిషి రాజకీయాల్లోకి వస్తే ముందు ఒక వరస కలుపుకోవాలి. సబితా ఇంద్రారెడ్డి గారిని చూడండి. భర్త ఇంద్రారెడ్డి 2000లో రోడ్డు ప్రమాదంలో పోయాక రాజకీయాల్లోకొచ్చారు. 2009లో ఉమ్మడి రాష్ట్రానికి హోం మంత్రి అయ్యారు, పోలీసులందరి మీదా పెత్తనం ఉన్న శాఖ. కానీ జనం నోట్లో నిలిచిన పేరు 'చేవెళ్ల చెల్లెమ్మ'. సీతక్క అసలు పేరు ధనసరి అనసూయ. తుపాకీ పట్టిన రోజులు దాటి, లా చదివి, ఎమ్మెల్యేగా ఉంటూనే 2022లో ఉస్మానియాలో పీహెచ్‌డీ పూర్తి చేసిన మనిషి. 2023 డిసెంబర్ 7న ఎల్‌బీ స్టేడియంలో మంత్రిగా ప్రమాణం చేస్తుంటే ఆ అరుపులకు కాసేపు ఆగాల్సి వచ్చింది, టీవీలో చూస్తూ నాకు కూడా ఒళ్లు పులకరించింది. ఆ అరుపుల్లో ప్రేమ నిజమే. 'అక్క' అనే మాట ఆమెకు అడ్డం కాలేదు, రెక్క అయింది. కాదనను. మగవాళ్లనీ 'అన్న' అంటారు కదా అనొచ్చు. అంటారు. కానీ అన్న అనేది ఆయన ఎదిగాక వచ్చే బిరుదు. అక్క, చెల్లె, ఆడపడుచు అనేవి ఆమె గడప దాటడానికి తీసుకోవాల్సిన పర్మిషన్.

మా అమ్మ చిన్నప్పుడు చిలకలగూడలో ఉండేవాళ్లు. ఈశ్వరీబాయి గారి సభలు చూసిందట. ఆమె సికింద్రాబాద్‌లో కౌన్సిలర్‌గా మొదలుపెట్టి, 1967లోనూ 1972లోనూ ఎల్లారెడ్డి నుంచి రిపబ్లికన్ పార్టీ ఎమ్మెల్యేగా గెలిచారు. 1969 తెలంగాణ ఉద్యమంలో జైలుకెళ్లారు. దళిత మహిళ. వెనక ఏ పెద్దింటి పేరూ లేదు. కూతురు గీతారెడ్డి గారు తర్వాత మంత్రి అయ్యారు. "ఎట్లుండె అమ్మా ఆమె?" అని అడిగితే మా అమ్మ కళ్లు మెరిశాయి. "మగరాయుడు" అంది. అమ్మ దృష్టిలో అంతకు మించిన మెప్పు లేదు. నాకు మాత్రం ఫోటోషాప్‌లో మీసం పెట్టినట్టు అనిపించింది. మెచ్చుకోవాలంటే ఆమెను ఆడవాళ్ల లెక్కలోంచి తీసి పక్కన పెట్టాలన్నమాట.

ఈ ఊరికి ఆడవాళ్లు కొత్త కాదు. 1962లోనే రాణీ కుముదినీ దేవి మేయర్, ఆ తర్వాత మూడేళ్లకు సరోజినీ పుల్లారెడ్డి. కార్పొరేషన్ గ్రేటర్ అయ్యాక బండ కార్తీక రెడ్డి, 2021 ఫిబ్రవరిలో గద్వాల విజయలక్ష్మి. విజయలక్ష్మి గారు మేయర్ అయిన రోజు మాకు వచ్చిన అభినందన ఫ్లెక్సీల ఆర్డర్లలో ఒకదాని మీద పేరుకన్నా ముందు 'కేకే గారి కుమార్తె' అని వేయమన్నారు. కేకే అంటే ఆమె తండ్రి, సీనియర్ నాయకుడు కె. కేశవరావు. మేయర్ అని రెండో లైన్లో.

రిజర్వేషన్ ఉన్నచోట ఇలా. లేనిచోట ఎలా ఉంటుందో అసెంబ్లీలో చూడొచ్చు. 119 సీట్లలో 2014లో 9 మంది ఆడవాళ్లు, 2018లో 6, 2023లో 10. తెలంగాణ వచ్చాక 2019 సెప్టెంబర్ దాకా మంత్రివర్గంలో ఒక్క మహిళ లేదు. అయిదేళ్లు. బతుకమ్మకి చీరలు మాత్రం పంచారు. పార్లమెంటులో, అసెంబ్లీల్లో మూడోవంతు అని 2023లో చట్టం చేశారు గానీ జనాభా లెక్కలు, డీలిమిటేషన్ అయ్యాకే అన్నారు. అది విని మా తమ్ముడు, "అక్కా, ఇంక ఆధార్ ఫోటోలు పెద్దవి చేసే పని పెరుగుతది" అన్నాడు.

వాడు అన్నది సగమే నిజమైంది. ఆధార్ ఫోటో ఆమె గెలిచింది. మొదటి ఏడాది ఎక్కడికైనా ఆయనే. కార్పొరేటర్ సాబ్ అని పిలిస్తే ఆయన పలికేవాడు. మూడో ఏడు అనుకుంటా, ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే మా షాపు మెట్లెక్కింది. నేను గుర్తుపట్టలేదు, రెండు గంటలు ఆ మొహం మీద పనిచేసినదాన్ని. కళ్లజోడు, కాటన్ చీర, చేతిలో నాలా పని ఎస్టిమేట్ కాయితాలు. బతుకమ్మ శుభాకాంక్షల ఫ్లెక్సీ కావాలంది. చివర్లో గొంతు తగ్గించి, "సార్ ఫోటో కొంచెం కిందికి, కొంచెం చిన్నగ. ఎక్కువ తెల్వనియ్యకు" అంది. పది శాతం తగ్గించాను. ఎవరు గమనిస్తారు అనుకున్నాను.

రాత్రి ఎనిమిదింటికి సార్ ఫోన్. "ఎవరు చెప్పిన్రు చిన్నగ చెయ్యమని?" మెషీన్‌లో మార్జిన్ ప్రాబ్లమ్ అని అబద్ధం చెప్పాను. ఆ తర్వాత మా బెంచీ మీద ఆమె గురించి కూడా మొదలైంది. మొగుణ్ణి దాటిపోతోందట. కళ్లు నెత్తికెక్కాయట. ఇంజనీర్‌ని అందరి ముందూ నిలదీసిందట. ఆధార్ ఫోటోగా ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఇబ్బంది లేని మనిషి.

టైలరింగ్ అక్కకి డిపాజిట్ రాలేదు. నా 'ఆడపడుచు' పనిచేయలేదు. ఓడిపోయిన నాలుగో రోజు బ్యాలెన్స్ డబ్బులు తెచ్చి ఇచ్చింది. గెలిచినవాళ్లు ఇప్పటికీ బాకీ ఉన్నారు, అది వేరే సంగతి. ఆ పాత ఫ్లెక్సీలు బస్తీలో బాత్రూమ్ తడికలకి, కూరగాయల బండ్ల మీదకి వెళ్లాయి. ఏడాది తర్వాత ఒక బండి మీద ఆమె చేతులు జోడించి, పైన టమాటాలు మోస్తూ కనిపించింది. ఫోటో తీసి పంపితే నవ్వుతున్న బొమ్మలు ఆరు పంపింది.

మొన్న బుధవారం వచ్చింది. ప్లాస్టిక్ కవరు అదే, లావైంది. మళ్లీ ఎలక్షన్ మాటలు నడుస్తున్నాయి కదా. "పాతది ఉందా చెల్లె, తీసేసినవా?" అంది. ఉంది. నేను ఏ ఫైలూ తీసేయను. తెరిచాను. లేయర్లన్నీ అలాగే ఉన్నాయి. 'ఆడపడుచు' పైన ఉంది. దాని కింద, కన్ను గుర్తు ఆపేసి కనపడకుండా దాచిన 'ప్రశ్నించే గొంతు'. ఆ కింద మొదటి రోజు పెట్టిన పెద్ద పేరు. నిలబడ్డ ఫోటో.

కన్ను నొక్కి అన్నీ ఆన్ చేశాను. ఆడపడుచును ఆపేశాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకొని స్క్రీన్ వైపు చాలాసేపు చూసింది.

"అప్పుడు సన్నగ ఉంటిని" అంది.

"ఇదే వేద్దామా అక్కా?"

"ఫోటో కొత్తది దిగుత. పేరు ఇంతకన్న పెద్దగ పెట్టు." కవరులోంచి చిల్లర తీస్తూ, "ముందుగాల రేటు చెప్పు. పోయినసారి స్క్వేర్ ఫీట్‌కి ఎక్కువ తీసుకున్నవు, నాకు తెలుసు" అంది.

నిజమే, తీసుకున్నాను.